ఊ కొట్టిన ఖండం

పద్దు 1

ఇక్కడ తేదీ వేయకూడదు. ఏ దేశపు తేదీ వేయాలన్నది ఈ దక్షిణ ధ్రువ ఖండాన్ని నడిపే పరిషత్తులో ఇంకా తేలలేదు. తేలేదాకా కార్మికులు తమ దినచర్యలో వట్టి అంకెలు వేసుకోవచ్చని తీర్మానం చేశారు. ఆ అంకెలు ఏ లిపిలో వేయాలని నేను అడగలేదు. అడిగితే అదీ చర్చకు పెడతారు.

నా పేరు మైలపల్లి నూకరత్నం. మాది శ్రీకాకుళం అవతల సముద్రపు ఒడ్డు. సముద్రం ముందుకొచ్చినప్పుడల్లా మా ఊరు వెనక్కి జరుగుతుంది. నాకు తెలిసి మూడుసార్లు జరిగింది. మూడుసార్లూ ఎవరి సంతకమూ అడగలేదు. ఇళ్లు విప్పి, వాసాలు భుజాన వేసుకుని నడిచాం, అంతే.

బడి ఏడో తరగతితో ఆగిపోయింది. మిగతా చదువు సగం పడవ ఇంజన్లు చెప్పాయి, సగం దక్షిణ ధ్రువ ఒడంబడిక చెప్పింది. ఓడలో తెలుగు పుస్తకం అదొక్కటే ఉంది కాబట్టి దారి పొడుగునా అదే చదివాను. చాలా మంచి పుస్తకం. ఈ ఖండం ఎవరిదీ కాదు, అందుకే అందరిదీ. తుపాకి తేకూడదు. గని తవ్వకూడదు. తెలుసుకున్నది దాచుకోకూడదు. చదువుతుంటే ఒకటి రెండు చోట్ల కళ్లు చెమర్చాయి.

ఇక్కడ దిగాక ఆ ఒడంబడికను నడిపేవాళ్లను చూశాను. కళ్లు ఆరిపోయాయి.

మూడేళ్లుగా నా పని వేడినీళ్ల గొట్టాలు చూసుకోవడం. దాంతోపాటు జెండాలు. మంచు అంచున, ఓడలోంచి ఫొటో బాగా వస్తుందని, నలభై ఒక్క దేశాల జెండాలు వరసగా పాతారు. గాలికి వారం తిరక్కుండా చిరుగుతాయి. చిరిగినవి మార్చాలి. ఏ దేశమూ ఎప్పటికీ ముందుండకూడదు కాబట్టి వారం వారం వరస కూడా మార్చాలి. అంటే కర్రతో సహా ఒక్కో జెండానీ పక్క గుంటలోకి జరపాలి. మొదటిదాన్ని చివరికి మోసుకెళ్లాలి. ప్రపంచంలో సమానత్వం ఎంత బరువుంటుందో నా నడుముకు తెలుసు.

పద్దు 2

మేం ఎనిమిదిమంది కార్మికులం పడుకునే రేకుల ఇంటిని తెప్ప అంటాం. ఆ పేరు మా వంటవాడు సూరాడ దానయ్య పెట్టాడు. ఇల్లు పెద్ద పెద్ద ఇనప జారుబల్లల మీద ఉంటుంది. దాని కింద మంచు. మంచు కింద సముద్రం. తేలేదాన్ని తెప్ప అనక ఏమంటారు?

దానయ్యది మా పక్క ఊరే. వరసకు ఏమీ కాడు గాని చిన్నాన్నా అని పిలుస్తాను. ఇంత దూరంలో తెలుగు మాట్లాడే మనిషి ఒక్కడున్నాక వరస లేకపోతే ఎలా?

పరిషత్తు భవనం మాత్రం రాతినేల మీద ఉంది. దాని పక్కన ఇంకా బోలెడు రాతినేల ఖాళీగా ఉంది. అక్కడ బోర్డు: “భావితరాల స్థలం. అడుగు పెట్టరాదు.” సందుల్లో పచ్చగా నాచు పెరుగుతుంది. ముచ్చటగా ఉంటుంది. దాన్ని తొక్కకూడదన్నది న్యాయమే. భావితరాలు ఎప్పుడొస్తాయో గాని నాకు ఇరవై మూడేళ్లు. నేను ఏ తరమో ఎవరూ చెప్పలేదు.

ఈ వేసవిలో తెప్పకీ రాతినేలకీ మధ్య మంచులో గండి పడింది. పరిషత్తు శాస్త్రవేత్తలే కనిపెట్టారు, కొలిచారు, మాకు చెప్పారు. చలికాలంలో ఎప్పుడైనా మా వైపు ముక్క ఊడి సముద్రంలోకి పోవచ్చని దాచకుండా చెప్పారు. ఇందులో ఎవరికీ అనుమానం లేదు. గొడవంతా పేరు దగ్గర. గండి అంటే భయం పుట్టించినట్టు ఉంటుందని ఒక దేశం అంది. పగులు అంటే ఎవరో పగలగొట్టినట్టు ఉంటుందని ఇంకో దేశం. చివరికి “మంచు విశ్రాంతి రేఖ” అని ఖాయం చేశారు.

ఆ విశ్రాంతి రేఖకు అవతల మేం విశ్రాంతి తీసుకుంటున్నాం.

తెప్పని రాతినేల మీదకు లాగడం ట్రాక్టరుకు ఒక్క పూట పని. కాని భావితరాల స్థలం మీద గుడ్డముక్క పరచాలన్నా నలభై ఒక్క దేశాలూ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదంటే కాదు. ఓడ వెళ్లేలోగా ఒప్పుకోవాలి. ఓడలో సభ్యులందరూ వెళ్లిపోతారు. మేం ఉండిపోతాం. మళ్లీ సూర్యుడు వచ్చేదాకా ఎవరూ రారు.

పద్దు 3

ఈరోజు తెప్ప సంగతి సభకు వచ్చింది. కార్మికుల తరఫున ఒకరు కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు, కార్మికుల సంగతుల్లో వాళ్ల సమ్మతి కూడా లెక్కలోకి వస్తుంది. పెద్దవాడని దానయ్య చిన్నాన్నను పంపాం. గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాడు. నవ్వుతూ తిరిగొచ్చాడు.

“ఏటయ్యింది చిన్నాన్నా?”

“బాగా జరిగిందే. ఆ ఒదిల్ మేడం ఎంత మరియాదగా సదివిందో! అంత పొడుగు కాయితం, ఒక్క మాట మింగలేదు. నానూ అంతే మరియాదగా ఇన్నాను.”

ఒదిల్ మేడం పరిషత్తు కార్యదర్శి. ఆమెకు ఓటు లేదు, చదవడమే పని.

“ఏం చదివింది?”

“తెప్ప గురించేనే. పెద్ద పెద్ద మాటలు. మద్దిమద్దిన ఆగి నా ఏపు సూసేది. ఊ కొట్టినాను.”

“ఏం కొట్టినావు?”

“ఊ. అంత సేపు ఒక మనిసి సదువుతుంటే రాయినాగ కూకుంటామేటే?”

సభలో ఏం జరుగుతుందో ఈయనకు తెలియదు. మాకు తెలుసు. ఇక్కడ ప్రతివాళ్ల చెవిలో సేతు అనే యంత్రం ఉంటుంది. ఎవరు ఏ భాషలో మాట్లాడినా మన భాషలో వినిపిస్తుంది. సభ రికార్డు కూడా అదే రాస్తుంది. వెనకటికి ఇక్కడ మౌనం అర్ధాంగీకారం అనే రూలు ఉండేది. ఒకసారి ఒక ప్రతినిధి కునుకు తీస్తూ తన దేశపు వాతావరణ కేంద్రాన్నే మూసేయడానికి ఒప్పుకున్నాడు. అప్పటినుంచి రూలు మార్చారు. సమ్మతి నోటితో చెప్పాలి. చెప్పగానే కుర్చీ పైన చిన్న దీపం పచ్చగా వెలుగుతుంది.

పరుగెత్తి గోడకు అంటించిన రికార్డు చూశాను. “కార్మికుల నివాసము చలికాలము ముగియువరకు ఉన్నచోటనే ఉండును. కార్మికులు ప్రతి వాక్యమునకు విడివిడిగా, ఉత్సాహముతో సమ్మతి తెలిపిరి.”

వంటింట్లోకి వచ్చి అరిచాను. “నీ మర్యాద మమ్మల్ని ముంచేసింది చిన్నాన్నా! ఎవడు చదివినా ఊ, ఏం చదివినా ఊ. రేపు నీ చావు చదివినా ఊ కొడతావు!”

ఆయన చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. “నాను ఒప్పుకోలేదే. ఇన్నాను, అంతే” అన్నాడు. ఆ తరవాత కూర అడుగంటింది. ఆయన చేతిలో కూర అడుగంటడం నేను మొదటిసారి చూశాను.

అందరం కూర్చుని ప్రతినిధిని మార్చాం. ఇకనుంచి నేను.

పద్దు 4

సభకు వెళ్లాను. అభ్యంతరం చెప్పాను. నేను నోటితో అన్నది ఒకటి, సేతు వాళ్ల చెవుల్లో వేసింది ఇంకొకటి. అది తిట్లను మర్యాదగా మార్చేస్తుందట, అంతర్జాతీయ శాంతి కోసం. “సిగ్గు లేదా మీకు?” అన్నాను. గోడ మీదున్న దాని తెరలో పడింది ఇది: “మాన్య సభ్యులు తమ వినయమును పునఃపరిశీలించుకొనగలరు.” అందరూ తల పంకించారు.

చివరికి నెమ్మదిగానే చెప్పాను. “మా వైపు ఊ అంటే వింటున్నానని అర్థం. ఒప్పుకున్నానని కాదు. కథ చెప్పినా, కష్టం చెప్పుకున్నా ఊ కొడతాం. ఊ కొట్టకపోతే ఎదుటిమనిషిని అవమానించినట్టు.”

నిమ్మపండు రంగు జెండా దేశపు ప్రతినిధి లేచాడు. దేశం పేరు రాయను; రాస్తే ఈ పద్దుకి కూడా అభ్యంతరం చెబుతారు. తెప్పని రాతినేల మీదకు తేకూడదని గట్టిగా పట్టుబట్టింది ఆయనే. చెడ్డవాడు కాదు. ఈరోజు ఇల్లు లాగితే రేపు ఎవడో గని యంత్రం లాగుతాడని ఆయన భయం. ఆ భయం ఉత్తది కాదని నాకూ తెలుసు. అందుకే ఇంకా మంట.

“అటులైన మీ భాషలో ఒప్పుకొనుటకు పదమేది?” అని అడిగాడు.

“సరే.”

“సరే అన్నచో ఎల్లప్పుడును ఒప్పుకొన్నట్లేనా?”

మా అమ్మ గుర్తొచ్చింది. సరే చూద్దాం అందంటే ఆ పని ఈ జన్మకు కాదు. “ఎల్లప్పుడూ కాదు” అన్నాను.

“మరి వేరొక పదము?”

“అలాగే.”

“అలాగే అన్నచో?”

అబద్ధం చెప్పలేను. “అలాగే అంటే అసలు కాదు” అన్నాను.

సభంతా నవ్వింది. నవ్వితే నవ్వారు, వెంటనే తీర్మానం కూడా చేశారు. ఈ భాషలో సమ్మతికి నిక్కమైన పదం లేదు కాబట్టి “ఊ” నే సమ్మతిగా ఎంచాలి. ఒక్క భాషవాళ్లకే వర్తిస్తే వివక్ష అవుతుందని ఎవరో లేచారు. దాంతో సవరించారు: సభ జరుగుతుండగా ఏ దేశంవారు, ఏ భాషవారు ఊ అన్నా అది సమ్మతే. నలభై ఒక్క దీపాలు ఒక్క క్షణంలో పచ్చబడ్డాయి. సభ రూలు మార్చడానికి మా దీపం అక్కర్లేదట. పెన్సిలు కొనడానికి కూడా ఇంత ఏకాభిప్రాయం నేను చూడలేదు.

“మరి దానయ్య చెప్పినదాన్ని రద్దు చేయండి” అన్నాను.

ఒదిల్ మేడం బాధగానే చెప్పింది. “అమ్మాయీ, ఒకసారి కుదిరిన సమ్మతిని రద్దు చేయవలెనన్న ఏకాభిప్రాయము కావలెను.”

నిమ్మజెండా ఆయన దీపం వెలగలేదు.

పద్దు 5

జెండాలు జరిపాను. గండి వెడల్పయింది. బల్ల వేసి దాటుతున్నాం. దానయ్యతో మాట్లాడలేదు.

పద్దు 6

ట్రాక్టరు నడిపే సియోనె దగ్గరికి వెళ్లాను. ట్రాక్టరు తాళం సేతు దగ్గరే ఉంటుంది. పరిషత్తు అనుమతి లేనిదే ఇంజను లేవదు. కాని ఇంజను ఇంజనే కదా. “నాకో అరపూట ఇవ్వు, తీగలు కలిపి లేపేస్తాను. తెప్పని లాగేద్దాం” అన్నాను.

సియోనె పెద్ద మనిషి, చిన్న గొంతు. వాళ్ల దీవి ఇప్పుడు నీళ్ల కింద ఉంది. జనం పది దేశాల్లో చెల్లాచెదరయ్యారు. దేశం అనేది ఇప్పుడు ఇక్కడున్న జెండా ఒక్కటే. దాన్ని నేను మారుస్తున్నప్పుడల్లా వచ్చి కర్ర పట్టుకుంటాడు.

ఆయన తన భాషలో ఏదో నాలుగు మెత్తని మాటలన్నాడు. సేతు నా చెవిలో ఇలా దంచింది: “నూకరత్నమా, క్రోధము వలదు. నేడు మనము తాళము విరిచినచో రేపు బలవంతుడు విరుచును. వాని ట్రాక్టరు మన దానికన్న పెద్దది.”

“అయితే చద్దామా?”

ఆయన ట్రాక్టరు తలుపు మూశాడు. “అదియును వలదు” అన్నాడు.

ఒడంబడికలో ఇంతకంటే మంచి వాక్యం ఎక్కడా లేదు. దానికి వెలగడానికి సభలో దీపమే లేదు.

తిరిగొస్తుంటే వంటింటి గుమ్మంలో దానయ్య పిలిచాడు. మా వైపు ఆడపిల్లని గుంటా అనే పిలుస్తారు.

“గుంటా. ఆ సబ ముగిసిపోనాదేటి?”

“ఎక్కడ ముగుస్తుంది? మూడేళ్ల కిందట మొదలైంది. ముగింపు మాటల మీద ఒప్పందం కుదరక అలాగే నడుస్తోంది. తింటున్నా సభే, తుమ్మినా సభే.”

“అయితే రేపటి వీడ్కోలు బోయినం కూడా సబేనన్నమాట.”

“ఆ హాల్లో జరిగేదంతా సభే. ఎందుకు?”

“ఏటీ లేదు. నెత్తళ్లు నానబెట్టాల” అని లోపలికి పోయాడు.

చచ్చే ముందు కూడా ఈ మనిషికి చేపల పులుసు ధ్యాసే అనుకున్నాను.

పద్దు 7

నేను నాలుగు పేజీల ఉపన్యాసం రాసుకుని వెళ్లాను. సేతు మెత్తబరచలేని మాటలు ఏరి ఏరి పెట్టాను. తెల్లారితే ఓడ. హాల్లో అద్దాల అవతల సూర్యుడు మంచు అంచు మీద దొర్లుతున్నాడు. సభ్యులు కోట్లు విప్పేసి హాయిగా ఉన్నారు. వెళ్లిపోవడం మీద వీళ్లకు ఎప్పుడూ ఏకాభిప్రాయమే.

దానయ్య చేసిన ఎండు నెత్తళ్ల పులుసు గిన్నెలు నిండుతున్నాయి. చింతపండు ఏడాదిగా దాచాడట. ఒక్కొక్కరూ ముక్కులు తుడుచుకుంటూ తింటున్నారు. నిమ్మజెండా ఆయన మూడోసారి వడ్డించుకున్నాడు.

వీడ్కోలు భోజనంలో కార్మికులు ఒక సాంస్కృతిక అంశం ప్రదర్శించాలి. పోయినేడు సియోనె పాడాడు. ఈసారి నా ఉపన్యాసమే సాంస్కృతిక అంశం అని కాగితాలు తీశాను. ఇంతలో చేతిలో గరిటెతోనే దానయ్య నడిమధ్యకు వచ్చి నిలబడ్డాడు.

“అమ్మా, బాబూ, నానొక కత సెప్తాను.”

సభ చప్పట్లు కొట్టింది. దగ్గరికి వెళ్లి చెవిలో అన్నాను. “చిన్నాన్నా, వీళ్లకి పులుసు పోసింది చాలక వినోదం కూడానా?”

“కూకోయే” అన్నాడు. ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. నా కుర్చీలో కూర్చుని చేతులు కట్టుకున్నాను.

“అనగనగా ఒక ఊరు” అని ఆగాడు. అందరూ నవ్వు ముఖాలతో చూస్తున్నారు. ఆయన కదల్లేదు.

“ఊ కొట్టాల మరి. మా కాడ కత సెప్తే ఇనేవోళ్లు ఊ కొడతారు. ఊ లేకపోతే కత నడవదు, బండికి ఎద్దు లేనట్టే.”

సేతు దాన్ని అందరి చెవుల్లో వేసింది. నవ్వులు. ఎవరో “ఓ” అన్నారు, ఇంకెవరో “హూ” అన్నారు.

“ఓ కాదు బాబూ. ఊ. మూతి సున్నానాగ సుట్టి, ఊ.”

“ఊ!” అంది సభ.

“ఆ. అనగనగా ఒక ఊరు.”

“ఊ!”

“ఊరికి ఒక ఒడ్డు. ఒడ్డు మీద ఒక తెప్ప. తెప్పలో ఎనిమిదిమంది తొంగునేవోరు.”

“ఊ!”

“ఒక నాడు ఒడ్డుకి గండి పడిపోనాది.”

గండి అన్న మాట మీద నెలరోజులు కొట్టుకున్నవాళ్లు ఇప్పుడు ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు. కథ కదా. “ఊ!”

నాకు ఒళ్లు మండిపోతోంది. మా చావుని కథ చేసి నంజుకి పెడుతున్నాడు ఈయన. వాళ్లు ఊ ఊ అని ఊగుతున్నారు. ఒదిల్ మేడం మాత్రం ఊగడం మానేసింది. గిన్నె కింద పెట్టి దానయ్య వైపు, తరవాత పైకి, మళ్లీ దానయ్య వైపు చూసింది. ఏమీ అనలేదు.

“అప్పుడు ఊరోళ్లందరూ ఒక మాట అనుకున్నారు. ఈ తెప్పని ఓడ ఎల్లకముందే రాతినేల మీదకి లాగీయాల.”

“ఊ!”

“నాచు మీద అడుగు పడకుండా బల్లలేసి లాగాల. ఆ నేల ఎవుడిదీ కాదు, తెప్పోళ్లదీ కాదు. ఒడ్డు గట్టిపడినాక దిగిపోవాల. అలగని మాటిచ్చుకున్నారు.”

“ఊ!”

నిమ్మజెండా ఆయన నోట్లో ముల్లు ఉంది. వేలు అడ్డం పెట్టి తీసుకుంటున్నాడు. ఆయన ఊ రాలేదు. దానయ్య ఎదురు చూశాడు. ఒదిల్ మేడం మెల్లిగా ఆయన వైపు ఒంగింది.

“మాన్యా, కథకుడు నిరీక్షించుచున్నాడు.”

“క్షంతవ్యుడను” అన్నాడాయన. ముల్లు పక్కన పెట్టి, మూతి సున్నాలా చుట్టి, అందరికంటే బాగా అన్నాడు: “ఊ!”

దానయ్య ఇంకా కథ ముందుకు జరపలేదు. గరిటె భుజాన పెట్టుకుని నిలబడ్డాడు.

“ఇంకొకరు కొట్టలేదు.”

హాలంతా ఒకరినొకరు చూసుకుంది. ఆయన నన్ను చూస్తున్నాడు.

“ఏటే గుంటా, తొంగున్నావేటి? అందరూ ఇంటన్నారు. నువ్వొక్కదానివే రాయినాగ కూకున్నావు.”

అప్పుడు తలెత్తి చూశాను. గోడ పొడుగునా కుర్చీల మీద నలభై ఒక్క దీపాలు. అన్నీ పచ్చగా, మా ఊరి వరి మడిలాగా. నా తల మీద ఒక్కటే చీకటి.

నాలుగు పేజీలు చేతిలో నలిగిపోయాయి. నా జన్మలో ఇంత చిన్న మాటకు ఇంత కష్టపడలేదు.

“ఊ” అన్నాను.

సేతు అందరి చెవుల్లో ఒకేసారి మోగింది. తెలుగులో ఇలా: “ప్రతిపాదన: కార్మిక నివాసము రాతినేలకు తరలించుట. అభ్యంతరములు: లేవు. ఏకగ్రీవముగా ఆమోదింపబడినది. ట్రాక్టరు తాళము విడువబడినది.”

చెంచాలు గిన్నెల్లో పడ్డాయి. తరవాత నలభై ఒక్క దేశాలు ఒకేసారి మాట్లాడాయి. అది కథ! అది భోజనం! మేం విన్నాం, అంతే, ఒప్పుకోలేదు!

“అచ్చం మా చిన్నాన్న కూడా అదే చెప్పాడు” అన్నాను. సేతుకి ఇందులో మెత్తబరచడానికి ఏమీ దొరకలేదు.

నిమ్మజెండా ఆయన లేచి రద్దు చేయాలన్నాడు. ఒదిల్ మేడం పుస్తకం కూడా తెరవలేదు. “రద్దునకు ఏకాభిప్రాయము కావలెను మాన్యా. కార్మిక ప్రతినిధితో సహా. లేదా ఊ సమ్మతి కాదని తీర్మానింపవచ్చును. అప్పుడు దానయ్య గారి పాత సమ్మతియు పోవును.”

అందరూ నా వైపు తిరిగారు. నేను మూతి బిగించి కూర్చున్నాను.

నిమ్మజెండా ఆయన కూర్చుని దానయ్యను ఒక మాట అడిగాడు. “నాచు మీద అడుగు పడదు గదా?”

“పడదు బాబూ. మీరు కూడా ఊ కొట్టినారు, నాను కూడా సెప్పినాను. ఇద్దరిదీ మాటే.”

ఆయన ఖాళీ గిన్నె ముందుకు జరిపాడు. దానయ్య పులుసు పోశాడు.

పద్దు 8

ఓడ వెళ్లకముందే లాగేశాం. ఎనిమిదిమందీ బల్లలు మోశాం. సియోనె ట్రాక్టరును నత్తలా నడిపాడు. ఒకచోట నాచు అడ్డం వస్తే మొత్తం తెప్పని వెనక్కి తీసి ఇంకో దారిన తెచ్చాం. పొద్దంతా పట్టింది. నిమ్మజెండా ఆయన చలిలో నిలబడి ప్రతి బల్లా చూశాడు. చివరి బల్ల తీశాక ఓడెక్కాడు.

ఓడలోంచి పత్రికా ప్రకటన వచ్చింది: “కార్మికుల భద్రత విషయమై పరిషత్తు చారిత్రాత్మక ఏకాభిప్రాయము సాధించినది.” దాని మీద ఫొటో. ఫొటోలో అందరూ గండి ముందు నిలబడి ఉన్నారు. మూతులు సున్నాల్లా ఉన్నాయి. ఫొటో తీసేటప్పుడు కూడా దానయ్య ఊ అనిపించాడట.

నేను వంటింట్లోకి వెళ్లి ఉల్లిపాయలు తరగడం మొదలెట్టాను. నా పని కాదది.

“ఆ కత తరవాత ఏటయ్యింది చిన్నాన్నా?”

“ఏ కతే?”

“తెప్ప కత.”

“ఏమో మరి, ఇంకా అవ్వలేదు” అన్నాడు. “సన్నగా తరుగు.”

పద్దు 12

పొద్దు పూర్తిగా పోకముందే, మధ్యాహ్నపు మసక వెలుతురులో, పెద్ద చప్పుడయ్యింది. మాకు ప్లేట్లు మాత్రమే దొర్లాయి. బయటికి వచ్చి చూశాం. విశ్రాంతి రేఖ విశ్రాంతి చాలించింది. అవతలి ముక్క మొత్తం ఊడి నడిసముద్రానికి బయల్దేరింది. మా తెప్ప ఉండిన చోటు దాని మధ్యలో ఉంది, చదునుగా, పరుపు ఎత్తిన మంచంలాగా.

జెండాలు కూడా వెళ్లిపోతున్నాయి. తెప్పని జరపడానికి ఒప్పుకున్నారు గాని జెండాలను జరపమని ఎవరూ ప్రతిపాదించలేదు. నలభై ఒక్కటీ వరసగా నిలబడి, గాలికి ఊగుతూ, ఉత్తరానికి సాగాయి. ఏ దేశం ముందు నడిచిందని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. ఆ మంచు ముక్క మెల్లిగా గిర్రున తిరుగుతూ పోయింది. కాసేపు ఒకరు ముందు, కాసేపు ఇంకొకరు ముందు. అందరికీ వంతు వచ్చింది. నా నడుము మూడేళ్లు చేసిన పని సముద్రం ఒక్కపూటలో చేసేసింది.

సియోనె అంచున నిలబడి వాళ్ల జెండా కనబడినంతసేపూ చూశాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు.

“నూకరత్నమా, చూడుము. నా దేశము మరల సముద్రయానము చేయుచున్నది.”

పద్దు 13

పరిషత్తు రేడియోలో అత్యవసరంగా కూడింది. సభ ఎలాగూ ముగియలేదు కాబట్టి కూడడానికి ఇబ్బంది లేదు. విషయం: కొత్త జెండాలు ఎక్కడ పాతాలి, ఏది ముందు పాతాలి, పాతేదాకా ఈ ఖండం ఎవరిదీ కానిదిగానే ఉందా లేదా? గుంటలు తవ్వేది మేమే కాబట్టి కార్మికుల సమ్మతి కావాలి.

ఒదిల్ మేడం ప్రతిపాదన చదవడం మొదలెట్టింది. చాలా పొడుగు. మంచి గొంతు. నేను రేడియో ముందు కూర్చున్నాను, మూతి బిగించి. వెనక బియ్యం కడుగుతూ దానయ్య గొణిగాడు.

“అంతసేపు సదువుతుంది పాపం. రాయినాగ కూకోకే, తప్పు.”

నేను రాయిలాగే కూర్చున్నాను. అవతల ఆమె గొంతు కొంచెం తడబడింది. ఆగింది. గరగరల మధ్యనుంచి అడిగింది.

“అమ్మాయీ, అక్కడ ఉన్నావా?”

ఆమె ఆరోజు గిన్నె కింద పెట్టి పైకి చూడటం, ఏమీ అనకపోవడం గుర్తొచ్చింది. మర్యాద తప్పకూడదు. మాటా ఇవ్వకూడదు. రెండూ కుదిరే మాట మా భాషలో ఉంది. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు.

“వింటున్నాం మేడం. చదవండి” అన్నాను.

సేతు రికార్డు చేసింది: “కార్మికులు వినుచున్నారు.”

అది వచ్చిన దగ్గర్నుంచి మా గురించి సరిగ్గా రాసిన మొదటి వాక్యం ఇదే.